డిసెంబర్ 23: గేటుకు నోటీసు అంటిన రోజు

డిసెంబర్ 23 దగ్గర మామూలుగా రెండు మాటలు రాసి ఉంటాయి. ఒకటి జాతీయ రైతు దినోత్సవం. రెండోది పీవీ నరసింహారావు వర్ధంతి. నిజామాబాద్ జిల్లా వాళ్లకు, అందులోనూ బోధన్ పక్కనున్న శక్కర్‌నగర్ వాళ్లకు ఇంకో మాట కూడా ఉంది. అది ఏ క్యాలెండర్‌లోనూ అచ్చు కాదు. 2015లో ఇదే తేదీన నిజాం చక్కెర ఫ్యాక్టరీలో లేఆఫ్ ప్రకటించారు. 

మూడింటినీ కలిపి చూడాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. రైతు దినోత్సవం, ఆర్థిక సంస్కరణలు తెచ్చిన ప్రధాని కన్నుమూసిన రోజు, చెరకు రైతు ఫ్యాక్టరీ ఆగిన రోజు... మూడూ ఒకే తేదీన పడటం కాకతాళీయమే. కానీ బోధన్ బస్టాండ్‌లో దిగి ఆ పొగగొట్టం వైపు చూసినవాళ్లకు అంత కాకతాళీయంగా అనిపించదు.

ముందు ఈ తేదీన జరిగిన మిగతా సంగతులు గబగబా చెప్పేస్తా. 1912లో ఇదే రోజు ఢిల్లీ చాందినీ చౌక్‌లో వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ ఏనుగెక్కి ఊరేగుతుంటే బాంబు పడింది. కొత్త రాజధానిలోకి దర్జాగా అడుగుపెడదామనుకున్న దొర గాయాలతో బయటపడ్డాడు. వెనుక నుంచి నడిపించిన రాస్ బిహారీ బోస్ పోలీసులకు దొరక్కుండా తర్వాత జపాన్ చేరాడు. 1947లో ఇదే రోజు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్‌ను తమ పెద్దలకు పని చేయించి చూపించారు. మన ఊళ్లలో రేడియోనే ‘ట్రాన్సిస్టర్’ అని పిలిచిన తరం ఒకటుంది కదా, ఆ పేరు వెనకున్నది ఆ చిన్న ముక్కే. 2000లో గాయని నూర్జహాన్ కరాచీలో కన్నుమూశారు. ఆవిడ పాటలు బోధన్ హోటళ్లలో చాయ్ గ్లాసుల చప్పుడుతో కలిసి వినబడుతుండేవి. 2014లో కె. బాలచందర్, 2022లో మన కైకాల సత్యనారాయణ. సినిమావాళ్లకు ఈ తేదీ అచ్చిరాలేదు, పాపం.

ఇక అసలు సంగతి.

చౌధురీ చరణ్ సింగ్ 1902 డిసెంబర్ 23న అప్పటి మీరట్ జిల్లా నూర్పూర్‌లో పుట్టారు. ప్రధానిగా పార్లమెంటు ముఖం చూడని ఒకే ఒక్క ప్రధాని అని క్విజ్ పోటీల్లో అడుగుతారు. నిజమే. 1979 జులై 28న ప్రమాణం చేశారు, ఆగస్టు 20న, సభలో బలపరీక్షకు ముందే, రాజీనామా ఇచ్చారు. ఎన్నికలయ్యేదాకా ఆపద్ధర్మంగా కొనసాగారు. కానీ ఆయన్ను ఆ ఒక్క ముక్కతో సరిపెట్టేస్తే అన్యాయం. ఉత్తరప్రదేశ్‌లో జమీందారీ రద్దు చట్టం వెనక ఆయన పని చాలా ఉంది. ఆయన పుట్టినరోజును రైతు దినోత్సవంగా జరపడం 2001 నుంచి మొదలైంది.

మనకు ఆయనతో ఉన్న చుట్టరికం వేరే. ఆయన గెలుస్తూ వచ్చిన బాగ్‌పత్, ఆ చుట్టుపక్కల మీరట్, ముజఫర్‌నగర్... అదంతా చెరకు నేల. రోడ్డు మీద ట్రాలీలు, గేటు ముందు బారులు, బకాయిల కోసం ధర్నాలు. బోధన్ రైతును తీసుకెళ్లి అక్కడ దింపితే భాష తప్ప ఇంకేదీ కొత్తగా అనిపించదు. ఒక్కటే తేడా, అక్కడ ఫ్యాక్టరీలు ఇంకా నడుస్తున్నాయి.

చెరకు సంగతి తెలియని పట్నం పాఠకుల కోసం ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఈ పంట స్వభావం తెలియకపోతే ఫ్యాక్టరీ ఆగడం ఎంత పెద్ద మాటో అర్థం కాదు.

వడ్లు కోస్తే బస్తాలకెత్తి ఇంట్లో పెట్టుకోవచ్చు. ధర నచ్చకపోతే నెలాగొచ్చు. పసుపు ఉడకబెట్టి ఎండబెడితే ఇంకా ఎక్కువే ఆగుతుంది. ఆర్మూర్ రైతులు అదే చేస్తారు. చెరకు అలా ఊరుకోదు. నరికిన క్షణం నుంచి లోపలి చక్కెర తగ్గడం మొదలవుతుంది. ఒక రోజులో గానుగ పడితే సరే, రెండో రోజు, మూడో రోజు అంటే బరువూ పోతుంది, తీపీ పోతుంది. పోనీ నరక్కుండా పొలంలోనే ఉంచుదామంటే పూత పడుతుంది, బెండు వారుతుంది. పైగా అది ఏడాది పంట. ఒకసారి నాటితే నరికాక దుబ్బు నుంచి వచ్చే పిలకలతో కార్శి తోట సాగుతుంది. రైతు ఒక్క పంటకు కాదు, రెండు మూడేళ్లకు కట్టుబడతాడన్నమాట. అందుకే చెరకు రైతుకు మార్కెట్ అంటే బజారు కాదు, దగ్గర్లో ఉన్న ఒక గేటు. ఆ గేటు తెరిచి ఉంటే పంట, మూసి ఉంటే వంటచెరకు.

టన్ను చెరకు ఆడితే సుమారుగా వంద కిలోల చక్కెర వస్తుంది. మిగిలిన పిప్పి బాయిలర్‌లోకి పోయి ఆవిరవుతుంది, ఆ ఆవిరితోనే ఫ్యాక్టరీ నడుస్తుంది. మొలాసిస్ డిస్టిలరీకి పోతుంది. మడ్డి పొలానికి ఎరువు. ఇంత పొందికైన వ్యవహారం ఇంకో పరిశ్రమలో తక్కువ. ధర కేంద్రం నిర్ణయిస్తుంది. లేఆఫ్ పడిన 2015-16 సీజన్‌కు క్వింటాలుకు 230 రూపాయలు, 2024-25 సీజన్‌కు 340. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలని, దాటితే 15 శాతం వడ్డీ కట్టాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వులో రాసి ఉంది. ఆ వడ్డీ అందుకున్న రైతు ఎవరైనా ఈ శీర్షిక చదువుతుంటే ఒక ఉత్తరం రాయండి, ఫోటో వేద్దాం.

మా పెదనాయిన చెరకు వేసేవాడు. ఎకరాలు ఎక్కువేం కాదు. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ పర్మిట్ చిట్టీ వచ్చిన రోజు ఇంట్లో పెండ్లి సందడే. నరికే కూలీలు తండాల నుంచి, మంజీర అవతల మరాఠ్వాడా నుంచి ఎడ్లబండ్ల మీద పిల్లాజెల్లాతో దిగేవాళ్లు. బండి నింపి రాత్రికి రాత్రే తోలేవాళ్లు. కాటా దగ్గర బారులో తెల్లారేది. మేం పిల్లలం సాలూర రోడ్డు మీద నిలబడి, పోతున్న బండి వెనక నుంచి గడ గుంజుకుని పరిగెత్తేవాళ్లం. బండాయన తిట్టేవాడు గానీ దిగేవాడు కాదు. దిగితే బారులో తన వంతు పోతుంది మరి! క్రషింగ్ రోజుల్లో గాలి ఇటు మళ్లితే ఊరంతా పాకం వాసన. సైరన్‌ను బట్టి అమ్మ పొయ్యి ముట్టించేది.

ఈ ఫ్యాక్టరీకి ముందు కాలువ వచ్చింది. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడో నిజాం కాలం, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. దాంతో వర్ని, కోటగిరి, రుద్రూరు, బోధన్ వైపు ఏడాది పొడవునా నీళ్లు పారే నేల తయారైంది. కృష్ణా గుంటూరు గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు, వాళ్లు దిగిన చోట్లకు క్యాంపులని పేరు పడింది. ఇప్పటికీ ఆ క్యాంపుల్లో సంక్రాంతి ముగ్గులు ఒక తీరుగా, పక్క ఊళ్లో బతుకమ్మ ఇంకో తీరుగా, రెండూ బాగుంటాయి. నీళ్లున్న చోట చెరకు పెరిగింది. చెరకు ఉన్న చోటికి 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. హైదరాబాద్ సంస్థాన ప్రభుత్వం డబ్బుతో ‘నిజాం షుగర్ ఫ్యాక్టరీ’ వెలిసింది. అందరూ పిలిచే పేరు ఎన్‌ఎస్‌ఎఫ్. దాని చుట్టూ పుట్టిన కాలనీ పేరే శక్కర్‌నగర్, అంటే చక్కెర ఊరు. జానకంపేట దగ్గర చీలి బోధన్‌కు పోయే రైలు లైను, ఫ్యాక్టరీకి సొంత చెరకు ఫారాలు, క్వార్టర్లు, బడి, దవాఖానా... ఆసియాలోకెల్లా పెద్దదని గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆ లెక్క నేను కట్టలేదు గానీ, చెప్పుకునేటప్పుడు మా వాళ్ల ముఖంలో కనిపించే గర్వాన్ని మాత్రం చూశాను.

బోధన్ పాత ఊరు. మహాజనపదాల్లో ఒకటైన అస్మక రాజధాని పోదన ఇదేనని చాలామంది చరిత్రకారులు చెబుతారు. భీముడు బకాసురుణ్ని చంపిన ఏకచక్రపురం ఇదేనని ఊరివాళ్లు చెబుతారు. రోజుకో బండెడు అన్నం, రెండు దున్నలు, ఒక మనిషి ఆ రాక్షసుడికి ఆహారమట. ఆ కథ మాకు చెప్పిన ముసలాయన, ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల బారు చూపించి, ‘అగో, బకాసురుడు ఇంకా తింటనే ఉన్నడు’ అని నవ్వేవాడు. అప్పుడది పరాచికం. రాక్షసుడికి ఆకలి తీరిపోతే ఊరు ఏమైపోతుందో అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు.

సరే, పీవీ దగ్గరికి వద్దాం.

2004 డిసెంబర్ 23, గురువారం. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆయన కన్నుమూశారు. అయిదేళ్లు ప్రధానిగా ఉన్న మనిషి భౌతికకాయాన్ని కాంగ్రెస్ కార్యాలయం లోపలికి తీసుకెళ్లలేదు. వాహనం గేటు బయటే ఆగింది. అంత్యక్రియలు ఢిల్లీలో కాదు, 25న హైదరాబాద్‌లో జరిగాయి. ఇవన్నీ ఇరవై ఏళ్ల కిందటి సంగతులే అయినా మన వైపు ఇంకా నిన్నటివిలా మాట్లాడుకుంటారు. చిత్రం చూడండి. చరణ్ సింగ్‌కూ పీవీకీ, ఇద్దరికీ 2024లో ఒకే రోజున, ఫిబ్రవరి 9న, భారతరత్న ప్రకటించారు. మూడో పేరు వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్‌ది. ఒకరు పుట్టిన తేదీన ఇంకొకరు పోయారు, పురస్కారానికి మాత్రం ఒకే జాబితాలో కలిశారు.

బోధన్‌లో పీవీ పేరెత్తితే రెండు రకాల మాటలు వినబడతాయి. తెలంగాణ బిడ్డ, భూసంస్కరణలు తెచ్చిన ముఖ్యమంత్రి, పదిహేడు భాషల పండితుడు అనేది ఒకటి. ‘ప్రైవేటు అనే మాట ఈ దేశంలోకి తెచ్చింది ఆయనే కదా’ అనేది రెండోది. రెండో మాట మీద నాకో అభ్యంతరం ఉంది. 1991 జులై 24న పీవీ ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించిన మాట నిజం. కానీ అప్పుడు కూడా చక్కెర పరిశ్రమకు లైసెన్సు తప్పనిసరిగానే ఉంది. అది తొలగింది 1998లో, ఆయన దిగిపోయిన రెండేళ్లకు. బోధన్ ఫ్యాక్టరీ తాళాలు చేతులు మారింది 2002లో. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లను 51 శాతం వాటాతో ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది, 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. పేరు నిజాం దక్కన్ షుగర్స్ అయింది. గాలి పీవీ కాలంలో మొదలై ఉండొచ్చు. తలుపు తీసింది మాత్రం హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు. ఢిల్లీ మీద తోసేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

ఇంతకూ నష్టాలు ప్రైవేటు వచ్చాకే మొదలయ్యాయా అంటే, అదీ పూర్తి నిజం కాదు. పైన సింగూరు కట్టి మంజీర నీళ్లలో కొంత హైదరాబాద్ తాగడానికి మళ్లాక నిజాంసాగర్‌కు వచ్చేది తగ్గింది. కాలువ చివరి ఊళ్లకు నీళ్లు అందని ఏళ్లు పెరిగాయి. ఏడాది పొడవునా తడి కావాల్సిన పంటను, వస్తుందో రాదో తెలియని నీటి మీద ఎవరు నాటుతారు? చెరకు తగ్గింది. చెరకు తగ్గితే గానుగ సగం రోజులే ఆడుతుంది. గానుగ సగం ఆడితే జీతాలు, కరెంటు, వడ్డీ మాత్రం పూర్తిగానే కట్టాలి. డబ్బు ఆలస్యమైతే మరుసటి ఏడు రైతు ఇంకొంచెం తగ్గిస్తాడు. ఈ తిరుగుడు ఎక్కడ మొదలైందని ఎవర్ని అడిగినా అవతలి వాళ్ల వైపే వేలు చూపిస్తారు. యాజమాన్యం చెరకు లేదంటుంది, రైతు డబ్బు రాలేదంటాడు, సర్కారు లెక్కలు చూస్తున్నామంటుంది. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. నన్నడిగితే, ముగ్గురిలో మళ్లీ నాటడానికి అప్పు తెచ్చింది రైతు ఒక్కడే.

ఇదే డిసెంబర్ 23కు తెలంగాణలో ఇంకో చరిత్ర ఉంది. 2009 డిసెంబర్ 9 రాత్రి రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్ర హోం మంత్రి చిదంబరం ప్రకటించారు. రెండు వారాలు తిరక్కుండానే 23న, బుధవారం, పరిస్థితి మారిందని, పార్టీలు చీలిపోయాయని, విస్తృతంగా సంప్రదింపులు జరపాలని ఇంకో ప్రకటన చేశారు. నిజామాబాద్‌లో ఆ రాత్రి ఎట్లా ఉండిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ వెంటనే రాజకీయ జేఏసీ పుట్టింది, ఊరూరా దీక్షా శిబిరాలు వెలిశాయి. ఆ శిబిరాల్లో ఎక్కువసార్లు వినబడ్డ పేర్లలో నిజాం షుగర్స్ ఒకటి. మన నీళ్లు, మన చెరకు, మన ఫ్యాక్టరీ, అమ్మింది వాళ్లు, రాష్ట్రం వస్తే మనమే నడుపుకుందాం అని. ఏ పార్టీ జెండా పట్టుకున్నవాళ్లైనా మైకు చేతికొస్తే ఆ మాట అనకుండా దిగలేదు.

రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. మరుసటి ఏడు ప్రభుత్వం ఫ్యాక్టరీని తీసుకుని మహారాష్ట్ర తరహాలో రైతుల సహకార సంఘానికి అప్పగిస్తే ఎలా ఉంటుందనే ఆలోచన చేసింది. వినడానికి బాగానే ఉంది. మన సరిహద్దు దాటితే మహారాష్ట్రే, అక్కడ ప్రవరానగర్‌లో విఠల్‌రావు విఖే పాటిల్, ధనంజయరావు గాడ్గిల్ కలిసి 1950లోనే సహకార చక్కెర ఫ్యాక్టరీ నడిపి చూపించారు. కానీ మన జిల్లాకు సొంత అనుభవం కూడా ఒకటుంది. నిజామాబాద్ పక్కన సారంగాపూర్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు, అది మూతపడింది. ఆ తుప్పు రోజూ చూస్తున్న రైతును ‘రా, నువ్వే యజమానివి’ అంటే అతను ఒక్క అడుగు వెనక్కి వేయడంలో తప్పేముంది? అప్పుల మూట నెత్తిన ఉన్న ఫ్యాక్టరీకి యజమాని కావడం అంటే అప్పుకు యజమాని కావడమే కదా.

ఆ మాటలు అలా నడుస్తుండగానే వానలు మొహం చాటేశాయి. 2015 కరువు ఏడు. మంజీర ఎండింది, నిజాంసాగర్ అడుగంటింది. మామూలుగా నవంబర్‌లో బాయిలర్ పూజ చేసి క్రషింగ్ మొదలుపెట్టాలి. ఆ ఏడు గానుగ తిరగలేదు. డిసెంబర్ 23, అది కూడా బుధవారమే, మూడు యూనిట్లలో లేఆఫ్ ప్రకటించారు. డ్యూటీకి వచ్చినవాళ్లు గేటు దగ్గర ఆగి చదువుకున్నారు. దేశమంతా రైతు దినోత్సవం జరుపుకుంటున్న రోజు. కలెక్టరేట్లలో ఆదర్శ రైతులకు శాలువాలు కప్పే రోజు.

లేఆఫ్ అనే మాట మీద ఒక నిమిషం నిలబడాలి. మామూలు వాడుకలో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీల పుణ్యమా అని లేఆఫ్ అంటే ఉద్యోగం ఊడటం. హైటెక్ సిటీలో ఒకబ్బాయి ‘లేఆఫ్ అయ్యా’ అంటే మరునాడే ఇంకో చోటికి బయోడేటా పంపుతున్నాడని అర్థం. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో దానికి అర్థం వేరు. ముడిసరుకు లేకనో, బొగ్గు, కరెంటు లేకనో, యంత్రం చెడిపోయో ప్రస్తుతానికి పని చూపించలేకపోతున్నాం, మీరు మా కార్మికులే, కాస్త ఆగండి అని. ఆ ఆగిన రోజులకు మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం ఇవ్వాలి. ఉద్యోగంలోంచి తీసేస్తేనో, ఫ్యాక్టరీ మూసేస్తేనో లెక్క వేరు. పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం, మిగతా బాకీలు తేల్చి, చేతిలో కాగితం పెట్టి పంపాలి. ఆ మనిషి ఏడుస్తాడో, తిడతాడో, మొత్తానికి ఇంటికెళ్లి ఇంకో పని చూసుకుంటాడు.

లేఆఫ్‌లో అదేమీ లేదు. తలుపు మూయరు, తెరవరు. పని లేదు, పని పోయిందనే కాగితమూ లేదు. యాభై దాటిన ఒక ఫిట్టర్, ఒక పాన్‌మన్, ముప్పై ఏళ్లు మరుగుతున్న పాకాన్ని కంటితో చూసి గింజ కట్టే వేళ చెప్పగలిగినవాడు, ఎక్కడికి పోతాడు? ఆ కన్ను బోధన్‌లో తప్ప ఇంకెక్కడా పనికిరాదు. ఒకాయన ఆటో కొన్నాడు. ఇంకొకాయన సెక్యూరిటీ గార్డుగా నిజామాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ ముందు కుర్చీ వేసుకున్నాడు. చాలామంది క్వార్టర్లు వదల్లేదు. వదిలితే బాకీ కూడా వదులుకున్నట్టేనని భయం.

తర్వాతి సంగతులు పేపర్లలో చదివే ఉంటారు, తొందరగా చెప్తా. కేసు కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2019 జూన్‌లో లిక్విడేషన్‌కు ఆదేశం వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్‌లోనే నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు, అందులో 178 మంది రైతులు. అది పసుపు, ఎర్రజొన్న రైతుల కోపం. ఓటింగ్ యంత్రాలు వరుసగా పన్నెండు పెట్టాల్సి వచ్చింది. చెరకు రైతు అప్పటికే ఆ కోపం తెచ్చుకునే దశ దాటి వరి నాటేశాడు. 2023 ఎన్నికల్లో ఫ్యాక్టరీ తెరిపిస్తామన్న హామీ మళ్లీ వినబడింది. కొత్త ప్రభుత్వం 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. ఈ కాలమ్ రాసేనాటికి గానుగ తిరగలేదు.

తెరవాలంటే ఏం కావాలో బోధన్‌లో చాయ్ హోటల్లో కూర్చున్న ఎవర్నడిగినా చెప్తారు. యంత్రాలు కొత్తవి కావాలి, పాతవి తుక్కు కింద పోగా మిగిలినవి పనికిరావు. డబ్బు సర్కారు పెడుతుందే అనుకుందాం. చెరకు ఎక్కడుంది? ఫ్యాక్టరీ తెరిస్తే వేస్తానని రైతు, చెరకు వేస్తే తెరుస్తామని సర్కారు. విత్తనపు గడ నాటిన రోజు నుంచి గానుగకు రావడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఎవరో ఒకరు ముందుగా నమ్మాలి. 2024-25లో మద్దతు ధర క్వింటాలుకు 2,300, సన్న వడ్లయితే పైన 500 బోనస్, ఆర్నెల్లకో పంట, ఊళ్లోనే కొనుగోలు కేంద్రం. ఇన్ని ఉన్న వరిని వదిలి, గేటు తెరుచుకుంటుందో లేదో తెలియని పంటకు నాట్లు వేసే గుండె ఎంతమందికి ఉంటుంది? నాకైతే ముందు నమ్మాల్సింది రైతు కాదనిపిస్తుంది. ఇంతకుముందు మూడుసార్లు నమ్మింది అతనే. సర్కారుతో, కంపెనీతో, మళ్లీ సర్కారుతో.

పోయిన నెల పెండ్లికని బోధన్ పోయాను. సాలూర రోడ్డుకు రెండు పక్కలా వడ్లు ఆరబోసి ఉన్నాయి, కనుచూపు మేర పసుపుపచ్చగా. బండ్ల బారు లేదు. ఉన్నవి హార్వెస్టర్లు, వడ్ల లారీలు. పెండ్లిలో భోజనాల దగ్గర మా పక్కింటి కాక కనిపించాడు, ఫ్యాక్టరీలో బాయిలర్ మీద పనిచేసినాయన. అరవై దాటాడు. పాత అలవాటు, లడ్డూ విరిచి, చక్కెర గరుకుగా ఉందా నున్నగా ఉందా అని వేళ్ల మధ్య నలిపి చూశాడు. ‘బయటి చక్కెర’ అన్నాడు.

ఈ కాలమ్ కోసం తేదీ సరిచూసుకుందామని అడిగాను.

‘కాకా, నిన్ను తీసేసింది డిసెంబర్ 23ననే గదా?’

ఆయన లడ్డూ ముక్క ఆకులో పెట్టి నా వైపు చూశాడు.

‘తీసెయ్యలే బిడ్డా. కూసోమన్నరు.’